వంతెన మీద అన్న మాట

ఏథెన్స్ బజారులో లాకియాదె ఊరి ముల్లంగికి ఎంత పేరో, ఆ ఊళ్ళో లిసిల్లా నోటికి అంత పేరు. రెండూ ఘాటే. ముల్లంగి ఘాటు నాలుగు గుక్కల నీళ్ళు తాగితే దిగిపోతుంది. లిసిల్లా అన్న మాట మాత్రం విన్నవాడి చెవిలో వారం రోజులు కాపురం పెట్టేది. ముల్లంగి కట్టలు గాడిద మీద వేసుకుని ఆమె బజారుకు బయల్దేరితే, బేరమాడేవాళ్ళు కూడా ఆచితూచి మాట్లాడేవాళ్ళు.

అలాంటి నోటికి ఏడాదికి ఒక రోజు పండగ. అంజూరాలు ఎండబెట్టే పని అయిపోయి ఎండ కాస్త తగ్గాక, పంటల దేవత దెమేతర్ తల్లి దీక్షకు జనం ఏథెన్స్ నుంచి ఎలూసిస్‌కు ఊరేగింపుగా నడిచి వెళతారు. ఆ బాట లాకియాదె పొలాల పక్కగా పోయి కెఫీసస్ ఏటి మీద వంతెన దాటుతుంది. ఆ రోజు పొద్దున్నే నలుగురైదుగురు ఆడవాళ్ళు ముసుగులు వేసుకుని వంతెన గోడ ఎక్కి కూర్చుంటారు. దాటేవాళ్ళను పేరు పెట్టి తిడతారు. సేనాధిపతైనా, నూనె వర్తకుడైనా తల వంచుకుని తిట్టించుకుని పోవాల్సిందే. నవ్వొచ్చు గానీ ఎదురు మాట్లాడకూడదు. గర్వం దిగనివాడు తల్లి గుమ్మం తొక్కితే కలిసిరాదనీ, ఈ తిట్లతో దిష్టంతా ఏట్లో కలిసిపోతుందనీ అందరికీ గట్టి నమ్మకం. కూతురు కనబడక కూలబడిపోయిన ఆ తల్లినే ఒక పనిమనిషి మోటు మాటలాడి నవ్వించిందట, ఇక మనుషులెంత?

ముసుగుల కింద ఎవరున్నారో ఊరందరికీ తెలుసు. తెలిసినట్టు ఎవరూ మాట్లాడరు, అంతే. లిసిల్లాకు మొదటిసారి ముసుగు కట్టిన త్రిఫేరా పిన్ని కట్టుబాటు కూడా అప్పుడే చెప్పింది.

"ఇక్కడన్న మాట ఇక్కడి నీళ్ళకే చెల్లు. ఇంటికి మోసుకెళ్ళకు. దిద్దకు. తప్పయిందని ఎవరి దగ్గరా గొణక్కు. అక్కడ అన్నది నువ్వు కాదు, ముసుగు."

ఈ కట్టుబాటు పెట్టినవాళ్ళెవరో గానీ, తిట్టేవాళ్ళ సుఖం మాత్రమే చూసుకుని పెట్టారు.

లిసిల్లాకు పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. అప్పటికి తల్లి లేదు, తమ్ముడు స్మిక్రోన్ ఇంకా పాకే వయసు. వాణ్ణి ఆమే పెంచింది. స్మిక్రోన్ అంటే చిన్నోడని అర్థం, వాడేమో గుమ్మం దాటాలంటే నడుం వంచాల్సినంత ఎదిగాడు. మెత్తటి మనిషి. పొలంలో గాడిదను కూడా "కాస్త జరుగుతావా" అని అడిగే రకం. వాడిలో గట్టిది ఏదైనా ఉందంటే గురకే. పడుకుంటే చాలు, దొడ్లో మేకలు లేచి నిలబడేవి. కొత్తగా కాపురానికి వచ్చిన మెలిత్తా మూడు రోజులు కళ్ళెర్రగా తిరిగి, నాలుగో రోజు నుంచి ఆ గురకకే నిద్రపోవడం మొదలుపెట్టింది. పద్ధెనిమిదేళ్ళు అలాగే నిద్రపోయింది. పిల్లలు కలగలేదు. దానికి వాళ్ళిద్దరి కంటే లిసిల్లానే ఎక్కువ ఏడ్చింది.

ఒక ఎండాకాలం మెలిత్తాకు జ్వరం తగిలింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం స్మిక్రోన్ వైద్యుణ్ణి పిలుచుకు రావడానికి పరుగెత్తాడు. లిసిల్లా తడిగుడ్డతో మరదలి మెడ తుడుస్తోంది.

"వదినా, ఆయనేరి?"

"వైద్యుడి కోసం పోయాడు. వచ్చేస్తాడులే, కాసేపు కళ్ళు మూసుకో."

"నిద్ర పట్టట్లేదు. తొమ్మిది రోజుల నుంచి ఆయన నడుం వాలిస్తేగా? ఇల్లంతా చప్పుడు లేకుండా ఉంది." మెలిత్తా ఎండిన పెదాలతో నవ్వింది. "వదినా, నేను చిన్నప్పుడే మా అమ్మతో వెళ్ళి దీక్ష తీసుకున్నాను కదా, నాకు భయం లేదు. నీ తమ్ముణ్ణి కూడా తీసుకోమను. లేకపోతే నేనొక చోట, ఆయనొక చోట. తొందరేం లేదు, ఎన్నేళ్ళకు వచ్చినా సరే. ఆ గురక వినపడకపోతే నాకక్కడ కూడా నిద్ర పట్టదని చెప్పు. ఈ మాట ఇలాగే చెప్పాలి, మార్చకు."

"చెప్తాలే, ముందు నువ్వు పడుకో."

దీక్ష తీసుకున్నవాళ్ళకు పోయాక వెలుతురూ పచ్చిక బయళ్ళూ పాటలూ ఉంటాయి. తీసుకోనివాళ్ళు చీకట్లో బురదలో పడి ఉంటారు. లాకియాదెలో పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన సంగతే. మెలిత్తా ఆ సాయంత్రమే, మొగుడు వైద్యుణ్ణి తీసుకొచ్చేలోపే వెళ్ళిపోయింది.

ఆ ఇల్లాలి చివరి కోరికను లిసిల్లా సగమే చెప్పింది.

"దీక్ష తీసుకోమందిరా," అంది తమ్ముడితో. గురక సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తర్వాత తనను తానే వెయ్యిసార్లు అడుక్కుంది. జవాబు చెప్పుకోవాలంటే సిగ్గేసేది. తొమ్మిది రోజులు ముడ్డి కింద గుడ్డలు మార్చింది తను, గంజి తాగించింది తను, చివరికి "వదినా, నువ్వు లేకపోతే ఏమైపోయేదాన్ని" అన్న ముక్క ఒక్కటి ఆ నోట్లోంచి రాలేదు. ఉన్న ఊపిరంతా మొగుడికే. పెంచినదాన్ని నేను, చచ్చాక కూడా వాడు నీకేనా, అని లోపల ఎక్కడో చురుక్కుమంది. తర్వాత చెబుదాం, దీక్ష తీసుకుని వచ్చాక చెబితే ఇంకా సంతోషిస్తాడు అని ఆ చురుక్కుమనడానికి ఒక మంచి పేరు పెట్టుకుంది. మనుషులందరూ చేసే పనే.

స్మిక్రోన్ మరుసటి వసంతంలో ఇలిస్సస్ ఏటి ఒడ్డున చిన్న దీక్ష తీసుకున్నాడు. అది తీసుకుంటేనే పెద్ద దీక్షకు రానిస్తారు. శరత్తులో పెద్ద దీక్ష మొదలైంది. అందరితో పాటు బలికిచ్చే పందిపిల్లను చంకలో పెట్టుకుని ఫలేరాన్ సముద్రానికి స్నానానికి పోయి, మధ్యాహ్నానికి తడి బట్టలతో ఇంటికి వచ్చాడు. లిసిల్లా వాకిట్లో ముల్లంగి కట్టలు కడుతోంది.

"అక్కా, నా పరువు పోయింది!"

"ఉంటేగా పోవడానికి. ఏమైంది?"

"పంది పారిపోయింది. నేను 'తల్లీ' అని కళ్ళు మూసుకుని మునిగాను, లేచేసరికి చేతిలో పంది లేదు. అది అలల మీద ఈదుకుంటూ సలామిస్ దీవికి పోతోంది! వెనకాల నేను. వెయ్యి మంది చూస్తున్నారు. ఒకాయన అంటాడూ, 'ఒరేయ్, దీక్ష నీకా దానికా' అని."

"దొరికిందా?"

"దొరికింది. బలిచ్చేటప్పుడు నా వంక ఎలా చూసిందనుకున్నావ్! పాపం అనిపించింది."

వాడు నవ్వుతున్నాడు. మెలిత్తా పోయాక వాడు పళ్ళు కనిపించేలా నవ్వడం అదే మొదలు. లిసిల్లా చేతిలో కట్ట పక్కన పెట్టి వాణ్ణే చూస్తూ ఉండిపోయింది. ఇప్పుడే చెప్పేస్తే, అనుకుంది. ఇంకో నాలుగు రోజులే కదా, అని కూడా అనుకుంది.

"అక్కా, వంతెన మీద నువ్వుంటావా?"

"ఎవర్రా నీకు చెప్పింది? వంతెన మీద ఎవరుంటారో ఎవరికీ తెలియదు."

"సరే, ఆ తెలియనావిడ కనిపిస్తే నా మాటగా చెప్పు. తమ్ముడు కదా అని నన్ను ఊరికే వదిలెయ్యొద్దు. మొహమాటం లేకుండా తిట్టమను. తిట్టు పడకుండా దాటిపోతే దారి కలిసిరాదట. నేను మెలిత్తా దగ్గరికి చేరాలి కదా!"

"ఆవిడకు నీ బోటి బోడిగుండు కనిపిస్తే ఊరుకుంటుందా? నువ్వు దిగులు పెట్టుకోకు."

ఊరేగింపు రోజు ఎండ బాగా కాసింది. "యాక్ఖె! ఓ యాక్ఖె!" అని దేవుణ్ణి పిలిచే కేకలు దూరం నుంచే వినిపించాయి. వంతెనకు అటూ ఇటూ జనం కిక్కిరిసిపోయారు. చాలామంది దీక్షకు కాదు, తిట్లు వినడానికి వచ్చినవాళ్ళే. ముసుగులో లిసిల్లా నోరు ఆ రోజు ఆగలేదు.

"ఏమయ్యా సొరకాయా!" అంది, సభలో గంటలు గంటలు మాట్లాడే ఒక లావుపాటి పెద్దమనిషితో. "ఉపవాసం ఉన్నది నువ్వా, నీ వెనకొచ్చే గాడిదా? దాని డొక్కలు లెక్కపెట్టొచ్చు, నీ డొక్కలేవీ, ఇంట్లో దాచి వచ్చావా?"

జనం పగలబడి నవ్వారు. పెద్దమనిషి తల వంచుకుని పొట్ట పట్టుకుని దాటిపోయాడు.

"అబ్బో, అత్తరు బాబు! అమ్మగారు నడుస్తోంది, అబ్బాయిగారు బండిలోనా? దిగు నాయనా, దిగు, నీ కాళ్ళు నేల మీద ఎలా ఉంటాయో మేం కూడా చూడాలి!"

వాడు నిజంగానే దిగి నడిచాడు. జనం ఈలలు వేశారు. పొగడ్త ఎవరికి చేదు? లిసిల్లాకు ఒళ్ళు తేలిపోతోంది.

అంతలో స్మిక్రోన్ కనిపించాడు. అందరి కంటే తలెత్తు పొడుగు మనిషి, చేతిలో దీక్షకు వెళ్ళేవాళ్ళు పట్టుకునే మిర్టిల్ రెమ్మ, మొహం పండగలా ఉంది. వాడి కోసం లిసిల్లా పంది కథను నాలుగు రోజులుగా సానపెట్టుకుని ఉంచింది. ఆమె నోరు తెరిచేలోపలే పక్కనున్న త్రిఫేరా పిన్ని ముసుగులోంచి అరిచింది.

"ఒరేయ్ స్మిక్రోన్, నీ పంది సలామిస్ చేరిందటగా! కబురు పంపింది, నీతో పాటు దీక్ష అంటే దానికి సిగ్గేస్తోందట!"

జనం నవ్వారు. స్మిక్రోన్ కూడా నవ్వి, అక్క వైపు తిరిగి, నీ వంతు అన్నట్టు నిలబడ్డాడు. లిసిల్లా దగ్గర ఏమీ లేదు. పంది పోయింది. బోడిగుండు సంగతి ముందెవరో అనేశారు. జనం ఎదురుచూస్తున్నారు.

"ఏం, సొంతవాడొస్తే నోరు పడిపోయిందా?" అని ఎవరో గొంతెత్తారు.

ఆ మాటకు ఒళ్ళు మండింది. నాలికకు దగ్గరగా ఏది దొరికితే అది లాగింది.

"నువ్వెక్కడికిరా తయారయ్యావ్? ఆ మహాతల్లి పద్ధెనిమిదేళ్ళు నీ గురక భరించి భరించి, ఇక నా వల్ల కాదు బాబోయ్ అని భూమి కిందికి పోయి దాక్కుంది. పోయేటప్పుడు నాతో చెప్పి మరీ పోయింది, వదినా, ఇన్నాళ్ళకు కంటి నిండా నిద్రపోతానని! అక్కడికి కూడా పోయి దాన్ని లేపుతావా? కాస్త పడుకోనియ్యరా పాపం!"

వంతెన కూలిపోతుందా అన్నట్టు నవ్వారు. గోడ మీదున్న ఆడవాళ్ళు నవ్వుతో ఒకరి మీద ఒకరు పడ్డారు. అంత పెద్ద నవ్వు లిసిల్లాకు అంతకు ముందెప్పుడూ దొరకలేదు.

స్మిక్రోన్ కూడా నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. మెలిత్తా పోయేటప్పుడు పక్కనున్నది అక్కే. తను లేడు. వాడు ముసుగుకు దగ్గరగా వచ్చి, అడగకూడనిది, మెల్లగా అడిగాడు.

"నిజంగా అందా?"

ఇప్పుడైనా ముసుగు తీసెయ్యాల్సింది. తీసేసి, లేదురా నాయనా, సరిగ్గా దానికి ఎదురు చెప్పింది అనాల్సింది. కానీ నలుగురిలో ముసుగు తీసినదాన్ని మళ్ళీ వంతెన ఎక్కనివ్వరు. వంతెన ప్రశ్నకు వంతెన జవాబే చెప్పాలి. పైగా జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు, ఇంకొకటి కావాలని చూస్తున్నారు.

"అనకేం చేస్తుంది? ఒకసారా, రెండుసార్లా!" అంది లిసిల్లా.

మళ్ళీ నవ్వులు. స్మిక్రోన్ వెనక వచ్చేవాళ్ళకు దారి ఇచ్చి పక్కకు తప్పుకున్నాడు. కాసేపు గోడ పక్కన నిలబడి నీళ్ళ వంక చూశాడు. తర్వాత చేతిలోని మిర్టిల్ రెమ్మను గోడ రాతి మీద జాగ్రత్తగా పెట్టి, వచ్చే జనానికి అడ్డం పడకుండా అంచు వెంట ఒదిగి ఒదిగి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ పొడుగాటి వీపు కనుమరుగయ్యేదాకా లిసిల్లా చూసింది. తర్వాత వచ్చినవాణ్ణి కూడా తిట్టింది. ఏం తిట్టిందో గుర్తులేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాడు అరుగు మీద కూర్చుని ముల్లంగి ఆకు తుంచుకుంటూ రొట్టె తింటున్నాడు. ఉపవాసం వదిలేశాడన్నమాట.

"ఏరా, వచ్చేశావేం?" అంది, తనకేమీ తెలియనట్టు.

"మోకాలు పట్టేసిందక్కా. వచ్చే ఏడు చూద్దాం."

వాడు అబద్ధమాడాడు, ఆమె నమ్మినట్టు తలూపింది. ఒక్క మాట చాలు ఆ ఇంట్లో మళ్ళీ వెలుగు రావడానికి. కానీ ఆ మాట చెప్పాలంటే ముందు ముసుగులో ఉన్నది నేనే అనాలి. తర్వాత అబద్ధం చెప్పాను అనాలి. ఆ తర్వాత, ఇంత కాలం ఎందుకు దాచావక్కా అంటే దానికి కూడా జవాబు చెప్పాలి. ఊరందరినీ కడిగేసిన నోరు ఈ మూడింటి దగ్గర మూతపడింది.

త్రిఫేరా పిన్నిని అడిగి చూసింది. "పిన్నీ, ఒక్క మాట వెనక్కి తీసుకుంటే ఏమవుతుంది?"

"ఒక్కటి తీసుకున్నావంటే, మిగతావన్నీ నిజమనుకుని ఆ సొరకాయ మన కొంప మీదికొస్తాడు," అంది పిన్ని. "మీవాడు ఎగిరిపడే రకం కాదులే, నాలుగు రోజుల్లో మర్చిపోతాడు."

స్మిక్రోన్ మర్చిపోలేదు. వాడు ఇంకో పని పెట్టుకున్నాడు. రాత్రిళ్ళు వెల్లకిలా పడుకోవడం మానేసి, గోడకు జారగిలబడి కూర్చుని నిద్రపోతున్నాడు. వీపు దగ్గర బట్టలో గులకరాయి మూట కట్టుకున్నాడు, ఒరిగితే గుచ్చుకుని మెలకువ రావాలని. లిసిల్లాకు మొదట అర్థం కాలేదు. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక వాడే సిగ్గుపడుతూ చెప్పాడు.

"అక్కా, నవ్వకు. నేను కాసేపు కునుకు తీస్తాను, నువ్విక్కడ కూర్చుని విను. గురక వస్తోందేమో చెప్పు."

"ఎందుకురా ఇప్పుడు?"

"వచ్చే ఏటికి మానెయ్యగలిగితే వెళ్దామని. ఒక ఏడాది ఉందిగా, అలవాటు చేసుకుంటే పోతుంది. అప్పుడు దాని పక్కన పడుకున్నా దానికి ఇబ్బంది ఉండదు." గులకరాయి మూట సర్దుకున్నాడు. "పద్ధెనిమిదేళ్ళక్కా. ఒక్కసారన్నా నాతో అనలేదు చూడు. నేనే పిచ్చివాణ్ణి, నిద్రపోతోందనుకున్నాను."

వాడు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి తల పక్కకు వాలింది, ఎప్పటి గురకే మొదలైంది. దొడ్లో మేకలు లేచాయి. లిసిల్లా మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని ఏడుస్తూ విన్నది. వాడు కళ్ళు తెరిచేలోపు మొహం తుడుచుకుంది.

"ఎలా ఉందక్కా?"

చెప్పు, అంది లోపల ఏదో. చెప్పు, ఇంతకంటే మంచి సమయం రాదు.

"తగ్గిందిరా. చాలా తగ్గింది."

వాడి మొహం విప్పారింది. అది చూసి, రేపు చెబుదాంలే అనుకుంది. ఆ రేపులన్నీ పేరుకుని చలికాలం వచ్చింది.

ఆలివ్ కాయలు దులిపే రోజుల్లో వాన పట్టుకుంది. పగలంతా తడిసిన మనిషి రాత్రి కూడా ఆ గోడకే ఆనుకుని కూర్చున్నాడు. వెళ్ళి పడుకోరా అంటే వినలేదు, ఇన్నాళ్ళ కష్టం వృథా అవుతుందన్నాడు. మూడో రోజుకు రొమ్ము పట్టేసింది. ఐదో రోజు మధ్యాహ్నానికి పిలిస్తే పలకడం మానేశాడు. లిసిల్లా వాడి వీపు కింద నుంచి గులకరాయి మూట విప్పేసి, వెల్లకిలా పడుకోబెట్టింది. గొంతులో ఊపిరి గరగరలాడుతోంది. ఆమె వాడి చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఒరేయ్ నాయనా, విను. అది అలా అనలేదురా. నీ గురక లేకపోతే నిద్ర పట్టదంది. రమ్మంది. ఎన్నేళ్ళకైనా రమ్మంది. నేనే నోటికొచ్చింది వాగాను. వినపడుతోందా? స్మిక్రోన్! నీ గురక కావాలందిరా!"

వాడి కళ్ళు తెరుచుకోలేదు. చెయ్యి నొక్కి చూసింది, తిరిగి నొక్కలేదు. చీకటి పడకముందే ఆ గరగర ఆగిపోయింది. దొడ్లో మేకలు లేవలేదు, అవి పడుకునే ఉన్నాయి.

చచ్చినవాడి తరఫున బతికినవాళ్ళు దీక్ష తీసుకోవచ్చా అని ఆమె దీక్షకు తీసుకెళ్ళే పెద్దమనిషిని అడిగింది. ఆయన మంచివాడే. "ఎవరి కళ్ళతో వాళ్ళే చూడాలమ్మా," అన్నాడు. "వాడి అన్నం నువ్వు తింటే వాడి కడుపు నిండదు కదా."

"అయితే వాడికి బురదేనా?"

ఆయన "నువ్వైనా తీసుకో," అన్నాడు.

తీసుకుంది. వసంతంలో చిన్న దీక్ష తీసుకుంది. శరత్తులో పందిపిల్లను ఛాతీకి అదిమిపట్టుకుని సముద్రంలో మునిగింది. పారిపోతే బాగుండు అనుకుంది, అది మాత్రం బుద్ధిగా చేతిలోనే ఉంది. మెలిత్తాను కలిస్తే కాళ్ళ మీద పడి, తప్పు నాదని చెప్పుకోవాలన్నదే ఆమె ఆలోచన. అది కాక ఇంకేం మిగిలిందని?

ఊరేగింపులో నడుస్తుంటే కాళ్ళు నొప్పెట్టాయి. "యాక్ఖె" అని అందరూ అరుస్తున్నారు. చెప్పాల్సినవి లోపల వరుసగా పెట్టుకుంటూ నడిచింది. మెలిత్తా, నీ మాట చెప్పానే. ఆలస్యంగా చెప్పాను. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత మెలిత్తా అడుగుతుంది కదా, ఆయనేరి వదినా, అని. అక్కడ ఆమె ఆలోచన ఆగిపోయింది. ఆరోజు జ్వరంలో కూడా మొదట అడిగింది అదే. ఆయనేరి?

వంతెన వచ్చేసింది. గోడ మీద ముసుగులు ఈసారి మూడే ఉన్నాయి. లిసిల్లా వస్తోందని తెలిసి జనం పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చారు, ఆ నోటికి తగిన శాస్తి ఎవరు చేస్తారో చూద్దామని. ఇంత కాలం తిట్లు తిన్న సొరకాయ పెద్దమనిషి కూడా వచ్చి ముందు వరసలో నిలబడ్డాడు.

లిసిల్లా తల వంచి నిలబడింది. తమ్ముణ్ణి తిన్నదానా అంటారేమో అనుకుంది. అంటే హాయిగా ఉండేది. ఒక ఏడాదిగా ఆ మాట ఎవరో ఒకరు అనాలనే ఎదురుచూస్తోంది.

త్రిఫేరా పిన్ని గొంతు ముసుగులోంచి కాస్త వణుకుతూ వచ్చింది. పిన్నికి కూడా స్మిక్రోన్ అంటే ఇష్టమే.

"ఏమే ముల్లంగీ! నువ్వు కూడానా! ఆ పచ్చిక బయల్లో ఏం చేస్తావే? అక్కడంతా పద్ధతైన మనుషులు, పాటలు పాడుకుంటూ ఉంటారు. నీకు తిట్టడానికి ఒక్కడు దొరకడు, నోరు తుప్పు పట్టిపోతుంది. నీకు కావలసినవాళ్ళంతా కింద బురదలోనే ఉంటే!"

జనం నవ్వారు. మంచి తిట్టే, లిసిల్లా కూడా మెచ్చుకునేది ఇంకో రోజైతే. ఇప్పుడు మాత్రం తలెత్తి ముసుగు వంక అలాగే చూసింది. బురదలో గోడ ఉండదు. వాడు ఏదో ఒకదానికి ఆనుకుని, వెన్ను నిటారుగా పెట్టుకుని, గురక రాకుండా కాచుకుంటూ కూర్చుని ఉంటాడు. ఎవరికి ఇబ్బందని? పక్కన ఎవరూ లేరు కదా. ఆ సంగతి కూడా వాడికి చెప్పేవాళ్ళు లేరు. తను ఈ వంతెన దాటి, వెలుగు చూసి, పచ్చిక బయలుకు వెళ్ళిపోతే ఇక ఎప్పటికీ ఉండరు. మెలిత్తా మాట వాడికి చేరాలంటే, అది తెలిసిన మనిషి వాడున్న చోటికే పోవాలి. అది తెలిసిన మనిషి ఒక్కతే ఉంది.

ఆమె పక్కకు తప్పుకుంది. చేతిలోని మిర్టిల్ రెమ్మను గోడ రాతి మీద పెట్టింది. తమ్ముడు పెట్టిన చోటేనో కాదో సరిగ్గా గుర్తులేదు, ఆ చుట్టుపక్కలే. తర్వాత జనానికి ఎదురుగా, అంచు వెంట ఒదిగి ఒదిగి నడవడం మొదలుపెట్టింది.

నవ్వులు తగ్గిపోయాయి. ముసుగులోంచి త్రిఫేరా పిన్ని, కట్టుబాటు మర్చిపోయి, మామూలు గొంతుతో పిలిచింది. "లిసిల్లా! ఎక్కడికే? ఊరికే అన్నానే!"

"తెలుసు పిన్నీ."

ఎదురొస్తున్న ఒక పిల్ల తల్లి ఆమెకు దారి ఇస్తూ అడిగింది. "ఏం పెద్దమ్మా, ఏమైనా మర్చిపోయావా?"

"మా తమ్ముడికో మాట చెప్పాలమ్మా," అంది లిసిల్లా. "అప్పుడే చెప్పాల్సింది."

పొలంలో ముల్లంగులు పీకే పని మిగిలి ఉంది. సాయంత్రంలోగా అయినంత చేద్దామని అటు నడిచింది.